గ్యాస్ కొట్టించే ముందు లీకేజీ తేల్చుకోండి: కారు ఏసీకి ఏ పరీక్ష, ఏ రిపేరు?

వరసగా మూడు ఎండాకాలాలు మా కారు ఏసీకి గ్యాస్ కొట్టించాను. మొదటి ఏడాది మార్చిలో కొట్టిస్తే ఆ వేసవంతా బాగానే గడిచింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కొట్టిస్తే జూన్ కల్లా గాలి గోరువెచ్చగా మారింది. మూడోసారి సరిగ్గా రోహిణి కార్తెలో, పిల్లలతో బెజవాడ నుంచి ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటేసరికి చల్లదనం పూర్తిగా పోయింది. అప్పటికి గ్యాస్ కొట్టించి ఇరవై రోజులే. షాపులో ప్రతిసారీ ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టిస్తే సరిపోద్ది." లీకేజీ చూశారా అని అడిగితే, "సబ్బు నురగ వేసి చూశాం సార్, ఎక్కడా లేదు" అన్నారు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. లీకేజీ సబ్బు నురగ అందని చోట ఉంది. వాళ్లు చేసిన పరీక్ష మా కారుకి పనికొచ్చే పరీక్ష కాదు. ఆ తేడా తెలిస్తే నాకు రెండు ఫిల్లింగుల డబ్బులు మిగిలేవి, పిల్లలు ఆ ఎండలో అంత అవస్థ పడేవాళ్లు కాదు. అందుకే ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో, లీకేజీ దొరికాక బాగుచేయించాలో పార్టు మార్చాలో, నేను తెలుసుకున్నంత వరకు వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట గట్టిగా మనసులో పెట్టుకోండి. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కే పంపు), కండెన్సర్ (బంపర్ వెనక వేడిని వదిలే జాలీ), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ప్రెషర్ తగ్గించే సన్నని దారి), కూలింగ్ కాయిల్ (డ్యాష్‌బోర్డ్ లోపల గాలిని చల్లబరిచేది) మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల గోడల్లోంచి, సీళ్ల దగ్గర అతి కొద్దిగా తప్పించుకోవడం సహజమే. దాని వల్ల చల్లదనం తగ్గినట్టు తెలియడానికి ఏళ్లు పడుతుంది. నెలల్లో గ్యాస్ "అయిపోయింది" అంటే ఎక్కడో రంధ్రం పడిందనే అర్థం.

అసలు గ్యాసేనా?

చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్ మీద అనుమానపడక్కర్లేదు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి చల్లగానే ఉంటుంది గానీ తక్కువగా వస్తుంది. కండెన్సర్‌ని చల్లబరిచే ఫ్యాన్ తిరగకపోతే బండి పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతుంది. గ్యాస్ తగ్గినప్పుడు కనిపించే లక్షణాలు వేరు. మాగ్నెట్ క్లచ్ (కంప్రెసర్‌ని ఇంజన్ బెల్టుకి కలిపి విడదీసే భాగం) ఉన్న కంప్రెసర్ అయితే కొన్ని సెకన్లకోసారి టక్‌మని పట్టుకుని వెంటనే వదిలేస్తుంది. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని అసలు ఆన్ కానివ్వదు.

ప్రెషర్ గేజీలు పెట్టే మెకానిక్ దగ్గర ఇంకో చిన్న పరీక్ష చేయించవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కారుకి పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయకుండా గేజ్ పెట్టించండి. లోపల ద్రవ రూపంలో ఏ కొంచెం గ్యాస్ ఉన్నా ఆర్134ఏ (మన కార్లలో ఎక్కువగా ఉండే ఏసీ గ్యాస్) ప్రెషర్ వాతావరణ వేడిని బట్టి ఉంటుంది: 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 35 దగ్గర 114, 40 దగ్గర 133. గేజ్ అంతకంటే బాగా తక్కువ చూపిస్తే సిస్టమ్ దాదాపు ఖాళీ అయినట్టే. సరిగ్గా అంతే చూపిస్తే మాత్రం నిండుగా ఉందని అనుకోకండి. సిలిండర్ నిండుగా ఉన్నా అడుగున కాస్త మిగిలినా ప్రెషర్ ఒకటే. ఎంత ఉందో తేలాలంటే రికవరీ మిషన్‌తో బయటికి తీసి తూకం వేయాల్సిందే.

గ్యాస్ ఎన్నాళ్లు నిలిచింది?

పరీక్ష ఎంచుకునేటప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. షాపులో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

ఒకటి రెండు రోజుల్లోనో వారంలోనో పోయిందంటే రంధ్రం పెద్దది. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఖాళీ సిస్టమ్‌లోకి ప్రెషర్ మీద నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తే చాలు. ఇలాంటి కారుకి యూవీ డై (లీకైన చోట యూవీ వెలుగులో మెరిసే రంగు) వేసి గ్యాస్ కొట్టించడం రెండు రకాలుగా దండగ. డై తిరిగేలోపే గ్యాస్ పోతుంది, డై డబ్బూ గ్యాస్ డబ్బూ రెండూ పోతాయి.

కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకు నిలిస్తే సబ్బు నురగ ఒక్కదాన్నే నమ్మకండి. నైట్రోజన్ ఎక్కించి రాత్రంతా ఉంచడం, ఆ తర్వాత కొద్దిగా గ్యాస్ వేసి ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌తో వెతకడం, ఈ రెండూ కలిపి చేయించాలి.

ఒక సీజన్ అంతా నిలిచి మళ్లీ ఏడాదికి తగ్గిందంటే యూవీ డై మంచి ఎంపిక. అంత సన్నటి లీకేజీని ఒక్క పూటలో పట్టుకోవడం కష్టం. డై అయితే వారాల తరబడి తన పని తాను చేసుకుంటూ పోతుంది.

మూడు నాలుగేళ్లకోసారి కాస్త తగ్గితే? నా ఉద్దేశంలో దాని వెనకాల పడక్కర్లేదు. ఉన్న గ్యాస్ తీయించి, వాక్యూమ్ చేయించి (లోపలి గాలి, తేమ పంపుతో లాగించి), తూకం ప్రకారం మళ్లీ నింపించుకోండి.

మా కారు విషయంలో మొదట వేసవంతా నిలిచింది, తర్వాత రెండు నెలలు, ఆ తర్వాత ఇరవై రోజులు. రంధ్రం ఏడాదికేడాది పెద్దదవుతోందని ఆ లెక్కే చెబుతోంది. నేను ఆ తేదీలు రాసి పెట్టుకోలేదు. మీరు పెట్టుకోండి.

పరీక్షల్లో ఏది ఎంతవరకు

సబ్బు నురగ చవక, ఎవరైనా చేయగలరు, లీకేజీ ఉన్న చోటుని వేలు పెట్టి చూపించినట్టు చూపిస్తుంది. కానీ చెయ్యి, చూపు వెళ్లే చోటే పనిచేస్తుంది. పైపు జాయింట్లు, సర్వీస్ పోర్టులు (గ్యాస్ ఎక్కించే మూతులు), కండెన్సర్ ముందు భాగం వరకు సరే. డ్యాష్‌బోర్డ్ లోపలున్న కూలింగ్ కాయిల్‌కి అది చేరదు. ఎండలో, ఫ్యాన్ గాలిలో నురగ ఆరిపోతుంది కాబట్టి నీడలో ఓపిగ్గా చూడాలి. అయ్యాక మంచినీళ్లతో కడిగేయాలి, అల్యూమినియం మీద సబ్బు నిలవ ఉండకూడదు.

నైట్రోజన్ పరీక్ష నాకు అన్నిటికంటే నచ్చింది. గ్యాస్ వృథా కాదు, తేమ ఉండదు, లీకేజీ ఉందా లేదా అన్నది గేజ్ ముల్లే చెబుతుంది. 150 పీఎస్ఐ దగ్గర ఆపి, వాల్వులు మూసి, రాత్రంతా వదిలేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 150 ఎక్కించి, తెల్లవారి 30 డిగ్రీల్లో చూస్తే లీకేజీ లేకపోయినా ముల్లు 145 దగ్గర ఉంటుంది. ఆ అయిదు పీఎస్ఐ చల్లబడటం వల్ల తగ్గింది. దాన్ని చూసి లీకేజీ అని భయపడక్కర్లేదు. 120కో 100కో దిగితే మాత్రం లీకేజీ ఉన్నట్టే. సిలిండర్‌కి రెగ్యులేటర్ లేకుండా ఎక్కించబోతే వెంటనే ఆపండి. నిండు నైట్రోజన్ సిలిండర్‌లో రెండు వేల పీఎస్ఐ పైనే ఉంటుంది. నైట్రోజన్ లేదని పంచర్ షాపు కంప్రెసర్ గాలి పడతామంటే ఒప్పుకోవద్దు. అందులో తేమ ఉంటుంది. పైగా మిగిలిన ఆర్134ఏతో ప్రెషర్ మీద గాలి కలిస్తే మండే ప్రమాదం కూడా ఉంది. ఆక్సిజన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ప్రాణాంతకం.

"వాక్యూమ్ పెట్టాం సార్, ముల్లు కదల్లేదు, లీకేజీ లేదు" అని చాలా షాపుల్లో చెప్తారు. వాక్యూమ్ తప్పనిసరిగా చేయాల్సిన పనే. తేమ పోవాలంటే అర గంటైనా పంపు నడవాలి. కానీ లీకేజీ పరీక్షగా దాని విలువ తక్కువ. వాక్యూమ్‌లో లోపలికీ బయటికీ తేడా ఎంత చేసినా 14.7 పీఎస్ఐ మించదు. ఏసీ నడుస్తున్నప్పుడు ఎండాకాలంలో హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే ఎక్కువ ప్రెషర్ వైపు) 200 పీఎస్ఐ దాటుతుంది. పైగా వాక్యూమ్ లోపలికి లాగుతుంది, గ్యాస్ బయటికి తోస్తుంది. బయటికి తోసినప్పుడు తెరుచుకునే ఓ రింగ్ (జాయింట్‌లో ఉండే గుండ్రటి రబ్బరు సీల్) లోపలికి లాగినప్పుడు బిగుసుకుని కూర్చోవచ్చు. వాక్యూమ్ నిలవకపోతే లీకేజీ ఉన్నట్టే. నిలిచినంత మాత్రాన లేనట్టు కాదు.

యూవీ డై గ్యాస్‌తో కాదు, నూనెతో కలిసి తిరుగుతుంది. లీకేజీ దగ్గర గ్యాస్‌తో పాటు కాస్త నూనె బయటికొస్తుంది, దానితోపాటు డై వచ్చి యూవీ టార్చ్ వెలుగులో పసుపుపచ్చగా మెరుస్తుంది. వారం పది రోజులు ఏసీ వాడుకుని చీకటి పడ్డాక చూపించుకోవాలి. సర్వీస్ పోర్ట్ దగ్గర డై ఎక్కించినప్పుడు చిందిన చుక్కలే చాలాసార్లు మోసం చేస్తాయి. డై వేసిన రోజునే అక్కడ శుభ్రంగా తుడిపించండి. కూలింగ్ కాయిల్ కారితే డై నేరుగా కనబడదు, నీళ్లు కారే డ్రెయిన్ పైపు చివర చూడాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలావరకు ఏసీ కంప్రెసర్ హై వోల్టేజ్ మోటారుతో నడుస్తుంది, దాని నూనె వేరు. మామూలు కార్ల ఏసీల్లో వాడే పీఏజీ రకం నూనెలో కలిపిన డై వేస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది. కంపెనీ చెప్పిన నూనె, ఆ నూనెకి సరిపడే డై తప్ప వేరేది వేయనివ్వకండి.

ఇక ఎలక్ట్రానిక్ డిటెక్టర్. ముక్కు లాంటి సన్నని గొట్టం, దగ్గర గ్యాస్ ఉంటే బీప్ బీప్ మంటుంది. మంచి పరికరాలు ఏడాదికి 4 గ్రాములు కారే లీకేజీని కూడా పట్టేస్తాయి. కానీ అది ఎవరి చేతిలో ఉందన్నది పరికరం ఖరీదు కంటే ముఖ్యం. మా కారు లీకేజీ పట్టిన పెద్దాయన ఎలా చేశారో చెప్తాను.

ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. ముందు బ్లోయర్ ఆపించారు. కారు అద్దాలు ఎక్కించి, బయట తిరిగే టేబుల్ ఫ్యాన్ కూడా ఆపి, "పదిహేను నిమిషాలు ఆగుదాం బాబూ, టీ తాగి రా" అన్నారు. తిరిగొచ్చాక ఆయన బానెట్ దగ్గరికి వెళ్లలేదు. కారు కింద ఏసీ నీళ్లు కారే రబ్బరు గొట్టం దగ్గర గోతం పరుచుకుని పడుకున్నారు. డిటెక్టర్ ముక్కుని ఆ గొట్టం మూతి దగ్గర, నీటి చుక్క తగలకుండా పట్టుకున్నారు. నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా కూత పెట్టింది. పక్కకు జరిపి స్వచ్ఛమైన గాలిలో పెడితే ఆగిపోయింది. మళ్లీ గొట్టం దగ్గర పెడితే మళ్లీ అదే కూత. మూడుసార్లు అలా చూసి లేచారు. "కూలింగ్ కాయిల్ పోయింది. గ్యాస్ గాలికంటే మూడున్నర రెట్లు బరువు బాబూ, పారిన చోట పైకి లేవదు, కిందకి దిగుద్ది. అందుకే కాసేపు ఆగి కింద వెతకాలి."

డిటెక్టర్ వాడే పద్ధతి అంతా ఆ మాటలోనే ఉంది. జాయింట్‌కి పైన కాదు, అడుగున వెతకాలి. గాలి కదలకూడదు. ఇంజన్ మీద అప్పుడే కొట్టిన డీగ్రీజర్, కారులో వేలాడదీసిన సెంటు డబ్బా కూడా దాన్ని తప్పుగా కూయిస్తాయి. ఒక్క కూతకే పార్టు మార్చమంటే ఒప్పుకోకండి, మీ కళ్లముందు మూడుసార్లు చూపించమనండి.

అలా చూపించమన్నందుకే మా ఎదురింటి బాబాయ్ గారికి డ్యాష్‌బోర్డ్ విప్పే ఖర్చు తప్పింది. ఆయన కారుకి కూలింగ్ కాయిల్ మార్చాలని ఒక షాపులో చెప్పారు. ఏ పరీక్ష చేశారంటే జవాబు లేదు. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే సర్వీస్ పోర్ట్ మూత లేదని చూడగానే కనిపెట్టారు. పోర్ట్ మీద ఒక బొట్టు సబ్బు నీళ్లు వేస్తే ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి పగిలింది, మళ్లీ ఇంకోటి ఉబ్బింది. లోపలి పిన్ వాల్వ్ కారుతోంది. పిన్ వాల్వ్ ఖరీదు చాలా తక్కువ. నల్లటి ప్లాస్టిక్ మూత దుమ్ము పడకుండా పెట్టింది అనుకుంటారు గానీ, లోపల రబ్బరు వాషర్ ఉండే ఆ మూత గ్యాస్‌ని ఆపే రెండో తలుపు. గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ రెండు మూతలూ తిరిగి బిగించారో లేదో చూసుకోండి.

బాగుచేయించాలా, మార్చాలా?

పైపు జాయింట్ దగ్గర దుమ్ము అంటిన నూనె మరక కనిపిస్తే ముందు అక్కడి ఓ రింగ్‌నే అనుమానించాలి. ఏసీ కోసం చేసిన హెచ్ఎన్‌బీఆర్ అనే రబ్బరు రకం రింగే వేయించాలి. నీళ్ల పైపు రింగు సైజు సరిపోయినా ఈ గ్యాస్‌కీ నూనెకీ తట్టుకోదు. ఒక జాయింట్ విప్పితే ఆ పక్కవి కూడా మార్చేయండి, రింగుల ధర గ్యాస్ ధరతో పోలిస్తే లెక్కలోది కాదు.

కండెన్సర్ బంపర్ వెనకే ఉంటుంది కాబట్టి రాళ్ల దెబ్బలు దానికే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. పైపు అతుకు దగ్గర చీలితే ఆర్గాన్ వెల్డింగ్ నిలుస్తుంది, చేయించుకోవచ్చు. మధ్యలో పలచటి గొట్టాల్లో రంధ్రం పడితే వెల్డింగ్ మీద డబ్బు పెట్టకండి, మార్చేయండి. ఉప్పుగాలికి తిన్నదైతే ఇవాళ ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట పడుతుంది. ఎంసీల్, ఆరల్డైట్ పూతలు ఆ ప్రెషర్‌కి ఆగవు. చాలా కార్లలో డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమని పీల్చే భాగం) కండెన్సర్‌కే అతికి ఉంటుంది. కొత్త కండెన్సర్‌తో డ్రయ్యర్ కూడా వస్తుందో లేదో కొనేముందే అడగండి. సిస్టమ్ రోజుల తరబడి తెరుచుకుని ఉంటే డ్రయ్యర్ మార్చాల్సిందే.

కంప్రెసర్ షాఫ్ట్ సీల్ పోతే పుల్లీ తిరిగే వరసలో బానెట్ లోపల నూనె గీతలా చిమ్మి ఉంటుంది. కంప్రెసర్ చప్పుడు లేకుండా తిరుగుతుంటే సీల్ కిట్ వేయించడం తెలివైన పని. లోపల గరగరమంటుంటే సీల్ మార్చి లాభం లేదు. రీకండిషన్ చేసిందా కొత్తదా అంటే, కారుని ఇంకా అయిదేళ్లు ఉంచుకుంటారనుకుంటే కొత్తది తీసుకోండి. చలికాలంలో నెలకి రెండుసార్లయినా పది నిమిషాలు ఏసీ వేస్తే ఆ సీల్ ఆరిపోదు.

రబ్బరు హోస్ పైపు పోతే కొత్త పైపుకి పాత చివర్లు క్రింపింగ్ చేసి ఇస్తారు, అది చాలు. పైపు మాత్రం ఏసీ గ్యాస్ కోసం చేసిన బ్యారియర్ రకమే (గ్యాస్ గోడల్లోంచి పోకుండా లోపల పొర ఉన్నదే) కావాలి.

కూలింగ్ కాయిల్ సంగతి వేరు. దానికి వెల్డింగ్ వద్దు. డ్యాష్‌బోర్డ్ విప్పే కూలీ కాయిల్ ధరతో పోటీ పడుతుంది. అంత విప్పి పాతదానికే అతుకు వేసి, అది మళ్లీ కారితే మళ్లీ అంతా విప్పాలి. కొన్ని కార్లలో గ్లవ్ బాక్స్ వైపు నుంచే కాయిల్ తీయవచ్చు, కూలీ మాట్లాడేముందు అది అడగండి. ఎలాగూ తెరిచాక ఎక్స్‌పాన్షన్ వాల్వ్, దాని రింగులు కూడా అప్పుడే చూపించుకోవాలి. మా కారుకి అలాగే చేయించాను. మూడు ఫిల్లింగులకి పెట్టిన డబ్బు కాయిల్ ధరకి దగ్గర దగ్గరగా వచ్చింది. ఆ లెక్క వేసుకున్నప్పుడు బాధేసింది.

డబ్బాల్లో దొరికే స్టాప్ లీక్ మందు గురించి చాలామంది అడుగుతారు. నా మాట వింటే వాడకండి. వాటిలో కొన్ని రకాలు తేమ తగలగానే గట్టిపడతాయి. సిస్టమ్‌లో కాస్త తేమ ఉంటే లోపలే గట్టిపడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసేస్తాయి. ఆ తర్వాత మంచి షాపు ఏదీ తన రికవరీ మిషన్‌ని మీ కారుకి తగిలించడానికి ఇష్టపడదు.

ఏ గ్యాస్, ఎంత

మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువ శాతం ఆర్134ఏవే. ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లకి అర కిలోకి అటూ ఇటూ. గేజ్ చూసి అంచనాగా పట్టే షాపు కంటే తూకం వేసి పట్టే షాపుకి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

యూరప్‌లో 2017 జనవరి నుంచి కొత్త కార్లలో ఆర్134ఏ వాడకూడదు. దాని స్థానంలో ఆర్1234వైఎఫ్ వచ్చింది. అమెరికాలో కూడా కొత్త కార్లు చాలావరకు దానికే మారాయి. అక్కడున్న మనవాళ్లకి గ్యాసే బాగా ఖరీదు కాబట్టి లీకేజీ వెతకడానికి పెట్టే డబ్బు ఇంకా త్వరగా తిరిగొస్తుంది. అమెరికాలో ఆర్134ఏ కారు ఉన్నవాళ్లు షాపుల్లో దొరికే చిన్న డబ్బాతో ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. కానీ లీకేజీ సంగతి డబ్బా తేల్చదు.

చవకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి హైడ్రోకార్బన్ మిశ్రమం ఎక్కిస్తామంటే వద్దనండి. అది చల్లబరుస్తుంది, నిజమే. కానీ మా కారులో లాగా కూలింగ్ కాయిల్ కారితే ఆ మండే గ్యాస్ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోకే వస్తుంది. నకిలీ గ్యాస్ ఇంకా ఘోరం. 2011లో నకిలీ ఆర్134ఏలో కలిపిన మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరిపి, ఓడల్లో సరుకు మోసే శీతల కంటైనర్ల కంప్రెసర్లు పేలి మనుషులు చనిపోయారు. సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరిపించండి.

ఉన్న గ్యాస్‌ని పిన్ నొక్కి గాల్లోకి వదిలేసే షాపులో అసలు పని మొదలుపెట్టించకండి. ఆర్134ఏ ఒక కిలో గాల్లో కలిస్తే దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చర్మం మీద పడితే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది, వేలు మొద్దుబారిపోతుంది.

పని పూర్తయ్యాక బిల్లు మీద అయిదు విషయాలు రాయించుకోండి: ఏ పరీక్షలో లీకేజీ ఎక్కడ దొరికింది, ఏ పార్టు మార్చారు, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎన్ని గ్రాముల గ్యాస్, ఎంత నూనె పట్టారు. నా బిల్లు మీద పెద్దాయన తన చేత్తోనే తేదీ వేసి, గ్యాస్ గ్రాములు రాసి, అడుగున "డ్రెయిన్ దగ్గర చెక్ చేశాను, లేదు" అని రాశారు. రెండు వేసవులు గడిచాయి, ఆ కాగితం ఇంకా గ్లవ్ బాక్స్‌లోనే ఉంది.